వేపాకు సారం, మైల్డ్ స్టీల్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం: ఒకసారి 91 శాతం, ఇంకోసారి 68 ఎందుకు వస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఎండబెట్టిన వేపాకు పొడి 50 గ్రాములు అర లీటరు నీళ్లలో మరిగించి వడగట్టారు. ఆ కషాయాన్నే నెల రోజులుగా స్టాక్‌గా వాడుతున్నారు. 90 మి.లీ. 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 10 మి.లీ. కషాయం కలిపి దాన్ని ‘10 శాతం’ అంటున్నారు. 5 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పు, 1 మి.మీ. మందం ఉన్న మైల్డ్ స్టీల్ కూపన్‌ని (పరీక్షకు కోసిన చిన్న రేకు ముక్కని) అందులో 24 గంటలు వేలాడదీస్తున్నారు. మొదట 91 శాతం ఎఫిషియెన్సీ (సారం వల్ల లోహం కరగడం ఎంత శాతం తగ్గిందన్న కొలత) వచ్చింది, మూడు వారాల తర్వాత అదే గాఢతకు 68 వచ్చింది, 1 శాతం దగ్గర ఒకసారి మైనస్ 6 వచ్చింది. ఇంతకీ వేపాకు పనిచేస్తుందా, పిక్లింగ్ బాత్‌లో (స్టీల్ మీది పొలుసుని ఆమ్లంతో తీసే తొట్టిలో) వాడొచ్చా అన్నది ప్రశ్న.

ఆమ్లంలో ఇనుము కరగడాన్ని వేపాకు సారం తగ్గిస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ మీ మూడు అంకెల్లో ఏదీ ప్రస్తుతానికి వేపాకు గురించి చెప్పడం లేదు. అవి మీ బ్లాంక్ (సారం కలపకుండా పోలిక కోసం నడిపే బీకరు) గురించీ, మీ స్టాక్ గురించీ చెబుతున్నాయి. ముందు ఆ రెండూ సరిచేయాలి.

మొదటి తప్పు కలపడంలోనే ఉంది. నీళ్ల కషాయం 10 మి.లీ. పోయగానే మీ ఆమ్లం 0.9 మోలార్‌కి పడిపోయింది. బ్లాంక్ మాత్రం 1 మోలార్‌లోనే నడిచింది. అంటే వేపాకు లేకుండా వట్టి నీళ్లు 10 మి.లీ. పోసినా మీకు ఎంతో కొంత ‘నిరోధం’ కనబడుతుంది. దీనికి విరుగుడు సులువు: 2 మోలార్ ఆమ్లం తయారుచేసి పెట్టుకోండి. 37 శాతం గాఢ ఆమ్లమైతే లీటరుకు సుమారు 166 మి.లీ. పడుతుంది. ఎప్పుడూ నీళ్లలోకే ఆమ్లం పోయాలి, ఫ్యూమ్ హుడ్ కిందే చేయాలి. తర్వాత సోడియం కార్బొనేట్‌తో టైట్రేషన్ చేసి అసలు గాఢత సరిచూసుకోండి, ఎందుకంటే పాత సీసాలో ఆమ్లం లేబుల్ మీద ఉన్నంత ఉండదు. ప్రతి బీకరుకీ ఇందులోంచి 250 మి.లీ. తీసుకుని, కావలసినంత స్టాక్ పోసి, మిగతాది నీళ్లతో 500 మి.లీ. చేయండి. బ్లాంక్‌లో స్టాక్ బదులు నీళ్లే. ఇప్పుడు అన్ని బీకర్లలోనూ ఆమ్లం ఒకటే.

రెండోది, ‘10 శాతం కషాయం’ అనే కొలత. అందులో వేపాకు పదార్థం ఎంతుందో మీకూ తెలియదు, మీ పేపరు చదివేవాళ్లకూ తెలియదు. స్టాక్ 10 మి.లీ. ముందే తూచిన చిన్న పింగాణీ గిన్నెలో పోసి, వాటర్ బాత్ మీద ఇగరబెట్టి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారడం ఆగేదాకా ఉంచండి. ఉదాహరణకు అడుగున 0.142 గ్రాము మిగిలిందనుకోండి. స్టాక్‌లో లీటరుకు 14.2 గ్రాముల ఘనపదార్థం ఉన్నట్టు. లీటరుకు అర గ్రాము గాఢతతో 500 మి.లీ. కావాలంటే 0.25 గ్రాము పడాలి, అంటే 17.6 మి.లీ. స్టాక్. ఈ ఒక్క పనితో ఒక బ్యాచ్‌ని ఇంకో బ్యాచ్‌తో పోల్చే వీలు వస్తుంది. గాఢతలు లీటరుకు 0.1, 0.2, 0.4, 0.8, 1.6 గ్రాములు పెట్టుకుంటే చాలు. ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతే ఎఫిషియెన్సీ ఎక్కడ నిలకడ పడుతుందో స్పష్టంగా తెలుస్తుంది.

మూడోది స్టాక్ వయసు. 91 నుంచి 68కి పడటానికి మొదటి అనుమానం దీని మీదే. ఆకు కషాయంలో చక్కెరలూ ప్రొటీన్లూ ఉంటాయి, గది ఉష్ణోగ్రతలో రెండు మూడు రోజుల్లోనే సూక్ష్మజీవులు పట్టుకుంటాయి. పాలీఫినాల్స్ గాలి తగిలి ఆక్సీకరణ చెందుతాయి, రంగు ముదురు గోధుమలోకి తిరుగుతుంది, అడుగున మడ్డి దిగుతుంది. సీసా మూత తీయగానే పులిసిన వాసన వస్తే, పైన పలచటి తెట్టు కనిపిస్తే, అది మీరు మొదటి రోజు కాచిన కషాయం కాదు. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర పెట్టి వారంలోపు వాడేయండి. అంతకంటే మంచి దారి పొడి చేసుకోవడం: రోటరీ ఎవాపొరేటర్‌లో 45 నుంచి 50 డిగ్రీల మధ్య నీరు లాగేసి, వాక్యూమ్ ఓవెన్‌లో ఆరబెట్టి, ముదురు రంగు సీసాలో సిలికా జెల్ సంచితో బిగించి పెట్టండి. ఆ పొడి తేమ పీల్చి ముద్ద కడుతుంది, కాబట్టి తూచేటప్పుడు ఆలస్యం చేయకూడదు. మొత్తం ప్రయోగాలకు సరిపడా ఒకే బ్యాచ్ ముందే తయారుచేసుకోవాలి. కోసిన కాలం, ఆకు లేతా ముదరా, ఎండలో ఆరిందా నీడలో ఆరిందా అన్నవి మారితే సారం కూడా మారుతుంది.

సారం తీయడం గురించి ఒక మాట. ఆకుని నీడలో గానీ 40 డిగ్రీల ఓవెన్‌లో గానీ పెళపెళలాడేదాకా ఆరబెట్టి పొడి చేయండి. తెర్లేలా మరిగించకుండా 80, 90 డిగ్రీల మధ్య రెండు గంటలు ఉంచి, ముందు పలచటి గుడ్డలో, తర్వాత వాట్‌మన్ 1 కాగితంలో వడగట్టండి. 70 శాతం ఇథనాల్‌తో తీస్తే పాలీఫినాల్స్ బాగా వస్తాయి, పిండిపదార్థం, ప్రొటీన్ తక్కువ దిగుతాయి. ఆ దారిలో పోతే ఇథనాల్‌ని పూర్తిగా తీసేయాలి, లేదా బ్లాంక్‌లో కూడా అంతే ఇథనాల్ పోయాలి. శుద్ధ ఇథనాల్ అయితే పత్రహరితం, మైనం కూడా లాక్కొస్తుంది. అవి ఆమ్లంలో కరగక పైన ఆకుపచ్చ నూనెలా తేలి, కూపన్‌ని బయటికి తీసేటప్పుడు దానికి అంటుకుంటాయి. కొందరు ఆకుని నేరుగా ఆమ్లంలోనే మరిగిస్తారు. అది వద్దు. కొంత ఆమ్లం ఆకులోని ఖనిజ లవణాలకే ఖర్చవుతుంది, గ్లైకోసైడ్లు (చక్కెరతో కలిసి ఉన్న అణువులు) విడిపోతాయి, చివరికి ఆమ్లం గాఢతా తెలియదు, సారం గాఢతా తెలియదు.

నీళ్ల సారం ఆమ్లంలో పడ్డాక ఒక్కోసారి మబ్బు కమ్మినట్టు తెల్లగానో గోధుమగానో విరుగుతుంది. ప్రొటీనూ టానిన్ కలిసి కింద పడుతున్నాయన్నమాట. అలా విరిగితే మీరు రాసుకున్న గాఢత నిజం కాదు. విరగని గాఢత దాకానే ప్రయోగం చేయండి, లేదా ఒక రాత్రి ఉంచి వడగట్టి, ఎంత పడిపోయిందో ఆరబెట్టి తూచి లెక్కలోంచి తీసేయండి.

ఇక కూపన్ దగ్గరికి వద్దాం. మీ కొలతలకి వైశాల్యం 21.4 చ.సెం.మీ. అంచుల్ని వదిలేసి 20 అని వేస్తే 6 శాతం పైగా తేడా. వేలాడదీయడానికి 2 మి.మీ. రంధ్రం చేస్తే రెండు ముఖాల మీద పోయే వైశాల్యం, రంధ్రం లోపలి గోడ ఇచ్చే వైశాల్యం సరిగ్గా సమానం, ఎందుకంటే మందం వ్యాసంలో సగం ఉంది. ఆ లెక్క వదిలేయొచ్చు. రంధ్రం సైజు మారితే మాత్రం వదలకూడదు. అన్ని కూపన్లూ ఒకే రేకులోంచి కోయాలి. 240, 400, 600, 800 ఎమరీ పేపర్లతో వరసగా రుద్దండి, పేపరు మారినప్పుడల్లా దిశ 90 డిగ్రీలు తిప్పండి, పాత గీతలు పోయాయో లేదో వెంటనే కనబడుతుంది. కోసిన అంచుల్ని కూడా రుద్దాలి. షియర్ కత్తిరించిన అంచు ఒత్తిడికి గురై ఉంటుంది, మిగతా ముఖం కంటే త్వరగా కరుగుతుంది. తర్వాత స్వేదన జలం, అసిటోన్, వేడి గాలి, గంటసేపు డెసికేటర్ (తేమ తగలకుండా ఉంచే మూత పాత్ర). వేళ్లతో తాకకుండా పట్టకారుతో పట్టుకుని 0.1 మి.గ్రా. దాకా చూపే త్రాసులో తూచాలి. నిరోధకం (కరగడాన్ని తగ్గించే పదార్థం, ఇక్కడ సారం) ఉన్న బీకరులో తరుగు 14 మి.గ్రా. లాంటి అంకె వస్తుంది, 1 మి.గ్రా. త్రాసుతో అక్కడే 7 శాతం పొరపాటు దూరిపోతుంది. వేలాడదీయడానికి నైలాన్ దారం గానీ గాజు కొక్కెం గానీ వాడండి. రాగి తీగ అయితే దానితో గాల్వానిక్ జంట ఏర్పడి కూపన్ అదనంగా తినుకుపోతుంది. బీకరు అడుగున పడుకోబెట్టకూడదు, హైడ్రోజన్ బుడగలు కింద చిక్కుకుని ఆ చోట లోహానికి ఆమ్లం తగలదు.

మీరు తీసుకున్న 100 మి.లీ. ద్రావణం, 24 గంటల సమయం ఈ కూపన్‌కి పొసగవు. 30 డిగ్రీల దగ్గర 1 మోలార్ ఆమ్లంలో నిరోధకం లేని మైల్డ్ స్టీల్ గంటకు చ.సెం.మీ.కి సుమారు 1 మి.గ్రా. కరుగుతుందనుకుందాం. 24 గంటల్లో 514 మి.గ్రా., అంటే 9.2 మిల్లీమోల్ ఇనుము. ఒక్కో ఇనుము పరమాణువుకి రెండు హైడ్రోజన్ అయాన్లు ఖర్చు, మొత్తం 18 మిల్లీమోల్‌కి పైనే. మీ బీకరులో ఉన్నదే 100. బ్లాంక్ చివరికి 0.82 మోలార్‌కి వచ్చేసింది, నిరోధకం ఉన్న బీకరు మాత్రం దాదాపు మొదట్లో ఉన్నట్టే ఉంది. దీనివల్ల ఎఫిషియెన్సీ తక్కువగా కనబడుతుంది. కలపడంలో జరిగిన తప్పు ఎక్కువ చేసి చూపిస్తే, ఇది తక్కువ చేసి చూపిస్తుంది. రెండూ కలిసి ఎటు తేలతాయో ఎవరూ చెప్పలేరు. చ.సెం.మీ.కి కనీసం 20 మి.లీ. ద్రావణం అన్నది ఈ పనిలో పాటించే ప్రమాణం, తుప్పు పరీక్షల ప్రామాణిక పద్ధతి ఏఎస్‌టీఎం జీ31 చెప్పేదీ అదే. మీ కూపన్‌కి 428 మి.లీ., 500 పెట్టుకోండి. సమయం 6 గంటలు చాలు. నిరోధకం ఎంతసేపు నిలుస్తుందో చూడాలంటే 24, 48 గంటల ప్రయోగం వేరే పెట్టండి, కానీ ప్రతి సమయానికీ దాని బ్లాంక్ దానికి ఉండాలి.

ఉష్ణోగ్రతని గది వాతావరణానికి వదిలేస్తే ఇంకో పెద్ద లోపం. క్రియాశీలక శక్తి (చర్య జరగడానికి దాటాల్సిన శక్తి అడ్డు) మోల్‌కి 60 కిలోజౌల్స్ దగ్గర ఉంటే 30 నుంచి 40 డిగ్రీలకి పోయేసరికి కరిగే వేగం రెండింతలు దాటుతుంది. 5 డిగ్రీల తేడాకే దాదాపు ఒకటిన్నర రెట్లు. బ్లాంక్ ఉదయం, నిరోధకం మధ్యాహ్నం చేస్తే మైనస్ ఎఫిషియెన్సీ రావడానికి వేరే కారణం వెతకక్కర్లేదు. థర్మోస్టాట్ వాటర్ బాత్‌లో అన్ని బీకర్లూ ఒకేసారి దించండి, ఒకేసారి తీయండి.

తీశాక పారే నీళ్లలో మెత్తటి నైలాన్ బ్రష్‌తో నల్లటి మసి పోయేదాకా కడిగి, అసిటోన్‌తో ఆరబెట్టి, డెసికేటర్‌లో పెట్టి తూచండి. మసి గట్టిగా పట్టి ఉంటే ఏఎస్‌టీఎం జీ1లో ఉన్న శుభ్రపరిచే ద్రావణాల్లో తేలికైనది వాడండి: గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 500 మి.లీ., హెక్సమైన్ 3.5 గ్రాములు, నీళ్లతో 1 లీటరు, గది ఉష్ణోగ్రతలో 10 నిమిషాలు. తుప్పు పట్టని కొత్త కూపన్ ఒకదాన్ని కూడా ఇందులో అంతే సేపు ముంచి, అది పోగొట్టుకున్న బరువుని మిగతావాటి తరుగులోంచి తీసేయాలి.

లెక్క ఇలా ఉంటుంది. బ్లాంక్ తరుగు 128.4 మి.గ్రా., నిరోధకంతో 14.1 అనుకోండి. తేడా 114.3ని 128.4తో భాగిస్తే 89 శాతం. దీనితోపాటు వేగం కూడా రాయండి: 87.6ని మి.గ్రా. తరుగుతో గుణించి, సాంద్రత 7.85, వైశాల్యం 21.4, గంటలు 6, ఈ మూడింటి లబ్ధంతో భాగించండి. బ్లాంక్‌కి ఏడాదికి 11.2 మి.మీ. వస్తుంది. వట్టి శాతం రాసి వేగం రాయని ఫలితాన్ని నమ్మడం కష్టం. బ్లాంక్ ఎంత ఎక్కువగా కరిగితే శాతం అంత అందంగా కనబడుతుంది. ప్రతి గాఢతకూ మూడు కూపన్లు, బ్లాంక్‌కి అయిదు పెట్టండి. బ్లాంకుల మధ్యే 8 శాతం చెదురు ఉంటే మీ మైనస్ 6కి అర్థమే లేదు, అది సున్నాతో సమానం. చెదురు 2 శాతంలోకి వచ్చాక కూడా తక్కువ గాఢతలో మైనస్ వస్తూంటే అప్పుడది నిజమైన విషయం. సారంలో ఉన్న నైట్రేట్ లాంటి ఆక్సీకరణ కారకాలూ, ఇనుముని పట్టుకుని ద్రావణంలోకి లాగే సేంద్రియ ఆమ్లాలూ ఉపరితలం సరిగా కప్పబడకముందే పనిచేస్తూ ఉండొచ్చు. అదే సిరీస్‌లో తెలిసిన నిరోధకమైన హెక్సమైన్‌తో ఒక బీకరు నడిపితే పోల్చుకోవడానికి తెలిసిన కొలబద్ద ఒకటి దొరుకుతుంది.

పనిచేసే తీరు గురించి. ఆమ్లంలో సారంలోని నైట్రోజన్, ఆక్సిజన్ ఉన్న అణువులు చాలావరకు ప్రోటాన్ పట్టుకుని ధనావేశంతో ఉంటాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో స్టీల్ ఉపరితలం కూడా కొంత ధనావేశంతోనే ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి నెట్టేసుకోవాలి కదా అంటే, మధ్యలో క్లోరైడ్ అయాన్లు వచ్చి ఉపరితలాన్ని అంటుకుని వంతెన కడతాయి, వాటి మీద ఈ అణువులు కూర్చుంటాయి. అదే సారం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో తరచు తక్కువ ఫలితం ఇవ్వడానికి కారణం ఇదే. సల్ఫేట్ అంత గట్టిగా అంటుకోదు. అక్కడ పొటాషియం అయోడైడ్ లీటరుకు 1 నుంచి 5 మిల్లీమోల్ వేస్తే ఎఫిషియెన్సీ గబుక్కున పెరగడం చూస్తారు, ఎందుకంటే అయోడైడ్ క్లోరైడ్ కంటే గట్టిగా పట్టుకుంటుంది. అయోడైడ్ ఒక్కటే వేసిన బీకరు కూడా ఉండాలి, లేకపోతే అయోడైడ్ చేసిన పనంతా వేపాకు ఖాతాలో పడుతుంది. ఇంకో అపోహ: టానిన్ ఇనుముతో కలిసి నీలి నలుపు పొర కడుతుంది కాబట్టి కాపాడుతుందని రాస్తారు. ఆ ఫెర్రిక్ టానేట్ సంగతి తుప్పుని మార్చే పూతల్లో, తటస్థానికి దగ్గరగా ఉన్న నీటిలో నిజం. 1 మోలార్ ఆమ్లంలో ఆ పొర నిలవదు. ఇక్కడ జరిగేది అధిశోషణమే, అంటే అణువులు ఉపరితలానికి అంటుకోవడమే.

ఆ అధిశోషణం తీరు చూడటానికి గీసే లాంగ్‌మ్యూర్ గ్రాఫ్ విషయంలో జాగ్రత్త. గాఢతని ఉపరితల ఆవరణతో (ఉపరితలంలో సారం కప్పిన భాగం, ఎఫిషియెన్సీని 100తో భాగిస్తే వచ్చేది) భాగించి, దాన్ని మళ్లీ గాఢతకే ఎదురుగా గీస్తాం. ఆవరణ 0.8, 0.9 మధ్యే ఉన్నప్పుడు రెండు అక్షాల మీదా దాదాపు ఒకటే అంకె ఉంటుంది. సరళరేఖ రాక ఏమవుతుంది? 0.999 వచ్చిందని సంబరపడకండి, ఆవరణ 0.3 నుంచి మొదలయ్యే తక్కువ గాఢతలు కూడా ఉన్నప్పుడే ఆ గ్రాఫ్‌కి విలువ. వాలు 1కి ఎంత దూరంగా ఉందో కూడా రాయాలి.

సారం ఎంత గట్టిగా అంటుకుంటుందో చెప్పే స్వేచ్ఛా శక్తి లెక్కలో ఇంకా పెద్ద తప్పు జరుగుతుంది. ఆ లెక్కలో లాంగ్‌మ్యూర్ గ్రాఫ్ నుంచి వచ్చే సమతాస్థిరాంకాన్ని నీటి గాఢతతో గుణిస్తాం. 55.5 అన్న అంకె లీటరు నీటిలో ఉన్న మోల్స్, అది సమతాస్థిరాంకం మోలార్ ప్రమాణంలో ఉన్నప్పుడే చెల్లుతుంది. సారానికి అణుభారం లేదు, గ్రాముల్లోనే కొలుస్తున్నాం, కాబట్టి నీళ్లని కూడా గ్రాముల్లోనే, లీటరుకు 1000 అని పెట్టాలి. స్థిరాంకం గ్రాముకు 8 లీటర్లు అనుకుంటే 30 డిగ్రీల దగ్గర మైనస్ 22.6 కిలోజౌల్స్ వస్తుంది. అదే స్థిరాంకానికి 55.5 పెడితే మైనస్ 15.4. పీపీఎంలో తీసుకుని 55.5 పెడితే ప్లస్ 2! ఒకే ప్రయోగం, మూడు జవాబులు. వీటిలో ఒకటి చూసి ‘భౌతిక అధిశోషణం’ (రసాయన బంధం లేకుండా అంటుకోవడం) అనీ ఇంకొకటి చూసి ఇంకోటనీ రాసేస్తున్నారు. ఉష్ణోగ్రత పెంచినప్పుడు ఎఫిషియెన్సీ తగ్గుతోందా, నిలబడుతోందా అన్నది దీనికంటే నమ్మదగ్గ సాక్ష్యం.

పొటెన్షియోస్టాట్ (ఎలక్ట్రోడ్ పొటెన్షియల్‌ని అదుపు చేసి కరెంటు కొలిచే పరికరం) అందుబాటులో ఉంటే ఎలక్ట్రోడ్‌ని ద్రావణంలో కనీసం అరగంట, వీలైతే గంట ఉంచి పొటెన్షియల్ కుదురుకున్నాక ముందు ఇంపిడెన్స్ (ఏసీ సంకేతానికి ఉపరితలం చూపే అడ్డు) తీయండి: 100 కిలోహెర్ట్జ్ నుంచి 10 మిల్లీహెర్ట్జ్ దాకా, 10 మిల్లీవోల్టుల కంపనంతో. పోలరైజేషన్ (పొటెన్షియల్‌ని మార్చుతూ కరెంటు కొలవడం) ఆ తర్వాతే, ఎందుకంటే అది ఉపరితలాన్ని పాడుచేస్తుంది. కరోజన్ పొటెన్షియల్ 85 మిల్లీవోల్టులకి మించి జరగకపోతే మిశ్రమ రకం నిరోధకం (ఇనుము కరగడాన్నీ హైడ్రోజన్ విడుదలనీ రెండింటినీ తగ్గించేది) అంటారు, ఆకు సారాలు చాలావరకు ఆ కోవలోకే వస్తాయి. ఎలక్ట్రోడ్ చుట్టూ పోసిన ఎపాక్సీకీ స్టీల్‌కీ మధ్య సన్న సందు ఉంటే ఆమ్లం అందులో దూరి అంకెలన్నీ తారుమారవుతాయి, భూతద్దంతో అంచు చూసుకున్నాకే దించండి.

వేపలోని ప్రసిద్ధ పదార్థం అజాడిరాక్టిన్ అణువు బొమ్మ గీసి, క్వాంటం లెక్కలు వేసి, ‘ఇదే కాపాడింది’ అని రాయడం మానేయండి. అది ఎక్కువగా గింజలో ఉండేది, ఆకులో తక్కువ, పైగా బలమైన ఆమ్లంలో నిలవని పదార్థం. ముడి సారంలో క్వెర్సెటిన్ లాంటి ఫ్లేవనాయిడ్లూ, టానిన్లూ, చక్కెరలూ, లవణాలూ ఎన్నో ఉంటాయి. ఎవరు ఎంత పని చేశారో తెలియాలంటే సారాన్ని భాగాలుగా విడదీసి ఒక్కో భాగాన్నీ విడిగా పరీక్షించాలి. అంతదాకా ‘సారం’ అనడమే నిజాయితీ.

పిక్లింగ్ బాత్ సంగతి. ల్యాబ్‌లో 89 శాతం వచ్చిన సారాన్ని నేరుగా బాత్‌లో పోయకండి. ముందు పొలుసు (వేడిలో స్టీల్ మీద కట్టిన ఆక్సైడ్ పొర) ఉన్న హాట్ రోల్డ్ ముక్క తీసుకుని, పొలుసు ఊడటానికి పట్టే సమయం సారంతో ఎంత, సారం లేకుండా ఎంత అని చూడండి. పొలుసు ఊడే సమయం బాగా పెరిగితే ఆ నిరోధకం ఎందుకూ కొరగాదు. తర్వాత ఫెర్రిక్ ఇనుము. వాడుతున్న బాత్‌లో ఇనుము లీటరుకు పదుల గ్రాముల దాకా పేరుకుంటుంది, అందులో గాలికి ఫెర్రిక్‌గా మారిన భాగం స్టీల్‌ని నేరుగా తినేస్తుంది, ఈ దాడిని చాలా నిరోధకాలు ఆపలేవు. ఫెర్రిక్ క్లోరైడ్ రూపంలో లీటరుకు 1 గ్రాము ఇనుము కలిపి మీ పరీక్ష మళ్లీ చేయండి, ఎఫిషియెన్సీ ఎంత పడిపోతుందో చూడండి. సారంలో సాపోనిన్లు ఉంటే హైడ్రోజన్ బుడగలతో నురగ పొంగి ట్యాంకు అంచు దాటుతుంది. కడిగాక స్టీల్ మీద గోధుమ మరక మిగిలితే ఆ తర్వాత చేసే గాల్వనైజింగ్ (జింకు పూత) అతుక్కోదు. బలమైన స్టీళ్లకైతే బరువు తరుగు తగ్గిందని లోపలికి దూరే హైడ్రోజన్ కూడా తగ్గినట్టు కాదు, వాటికి ఎంబ్రిటిల్‌మెంట్ (హైడ్రోజన్ వల్ల లోహం పెళుసుబారడం) పరీక్ష విడిగా చేయించాలి.

‘మొక్క కాబట్టి హాని లేదు’ అన్నది కూడా పరీక్షించాల్సిన మాటే. ఉమ్మెత్త, గన్నేరు సారాలు కూడా మొక్కలవే, వాటిలో ఉన్నది విషం. వేపాకు అంత ప్రమాదం కాదు గానీ, లీటరుకు గ్రాముల కొద్దీ సేంద్రియ పదార్థం పోస్తే వాడేసిన బాత్ శుద్ధి చేసేటప్పుడు సీఓడీ (నీటిలోని సేంద్రియ పదార్థాన్ని ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్ కొలత) ఆ మేరకు పెరుగుతుంది. ఇదే సారాన్ని కూలింగ్ వాటర్ లాంటి తటస్థ నీటిలో వాడాలనుకుంటే ఇంకో చిక్కు ఉంది: అక్కడ అది బ్యాక్టీరియాకి తిండి. మొదటి వారం తుప్పు తగ్గినట్టు కనబడి, తర్వాత జిగురు పొర కట్టి, దాని కింద గుంటలు పడటం మొదలవుతుంది. కాబట్టి తటస్థ నీటిలో పరీక్ష కనీసం 30 రోజులు నడపండి. చివర్లో సగటు తరుగుతో సరిపెట్టకుండా కూపన్‌ని మైక్రోస్కోప్ కింద పెట్టి గుంటల లోతు కొలవండి.